చెక్క మీద అన్‌డూ ఉండదు: ఇంట్లో పెన్నుల మీద లేజర్‌తో పేర్లు చెక్కడం

ఈ సంచికకి ఏదైనా నేర్పే వ్యాసం రాయమని మన క్లబ్ వాళ్లు అడిగారు. కోడింగ్ కాకుండా నాకు చేతనైన పని ఒక్కటే ఉంది. చెక్క పెన్నుల మీద లేజర్‌తో తెలుగు అక్షరాలు చెక్కడం. దాన్ని మొదటిసారి ఎలా పాడు చేశానో, తర్వాత ఎలా నేర్చుకున్నానో రాస్తున్నాను. ముందే ఒక మాట. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. కాబట్టి నా తెలుగులో తప్పులుంటే ఏమీ అనుకోకండి. అసలు ఈ కథలో పెద్ద తప్పు కూడా అలాంటిదే.

పెన్నులు ఎక్కడివి

మా అమ్మమ్మ వాళ్లది తణుకు దగ్గర పల్లెటూరు. తాతయ్య వడ్రంగి. ఇంటి వెనక రేకుల షెడ్డులో లేత్ మిషన్ ఉంది. దాని మీద యాభై ఏళ్లుగా మంచం కోళ్లు, మెట్లకి చెక్క కడ్డీలు, చపాతీ కర్రలు చేశాడు. సెలవులకి వెళ్తే మాకు బొంగరాలు చేసి ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ మంచాలు ఎవరూ చేయించుకోవడం లేదు. రెండేళ్ల కిందట మా మామయ్య ఆన్‌లైన్‌లో పెన్ను కిట్లు తెప్పించాడు. అప్పటి నుంచి తాతయ్య పెన్నులు చేస్తున్నాడు. గోదావరి అవతల రాజమండ్రిలో రత్నం పెన్నులు 1930ల నుంచి చేత్తోనే చేస్తున్నారని వినే ఉంటారు. అవి ఎక్కువగా ఎబొనైట్‌వి, అంటే ఒక రకం గట్టి రబ్బరు. తాతయ్యవి చెక్కవి, లోపల బాల్ పెన్ రీఫిల్.

స్టీలు సామాన్ల కొట్లో బిందె కొంటే దాని మీద మన పేరు కొట్టించుకుంటాం కదా. అలాగే తాతయ్య కూడా ఉయ్యాల బల్లల మీద ఆ ఇంటివాళ్ల పేర్లు ఉలితో చెక్కేవాడు. చేయించుకున్నవాళ్ల పేరే తప్ప చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. పోయిన వేసవిలో నేను దాచుకున్న డబ్బులకి మామయ్య ఇంకొంత కలిపితే చిన్న డయోడ్ లేజర్ కొన్నాం. మొట్టమొదట తాతయ్య చేసిన పెన్ను మీద తాతయ్య పేరే చెక్కాలనుకున్నాను. ఆ పెన్నుకి ఏమైందో తర్వాత చెబుతాను. ముందు పని ఎలా చేస్తారో చూద్దాం.

పెన్ను తయారీలో లేజర్ వంతు ఎప్పుడు

సుమారు ముప్పావు అంగుళం చదరం ఉన్న చెక్క ముక్కకి నిలువునా 7 మి.మీ. రంధ్రం వేస్తారు. అందులో సన్నటి ఇత్తడి గొట్టం జిగురుతో దిగ్గొడతారు. రెండు చివర్లూ సమం చేసి, లేత్ మీద ఇనప కడ్డీకి ఎక్కించి, ఉలితో గుండ్రంగా తీస్తారు. తర్వాత ఉప్పు కాగితం, ముందు గరుకుది, పోను పోను నున్నటిది. ఆ పైన పాలిష్. చివరికి మొన, తిప్పే మెకానిజం, క్లిప్పు లాంటి ఇనప భాగాలు రెండు వైపుల నుంచీ నొక్కి బిగిస్తారు. తాతయ్యకి ఒక పెన్నుకి దాదాపు పూట పడుతుంది. జిగురు ఆరే టైము వేరే.

లేజర్ పని ఉప్పు కాగితానికీ పాలిష్‌కీ మధ్యలో పెట్టుకోవాలి. కారణాలు మూడు. పాలిష్ తర్వాత చెక్కితే పాలిష్ కాలి అక్షరం అంచులు పాడవుతాయి. సూపర్ గ్లూతో మెరుపు తెచ్చిన పెన్ను అయితే కాలినప్పుడు వచ్చే పొగకి కళ్లు, ముక్కు భరించలేవు. రెండోది, క్లిప్పు లాంటి మెరిసే లోహం మీద పడితే లేజర్ కిరణం ఎటైనా తిరిగి కొట్టవచ్చు. మూడోది నాకు అనుభవం మీద తెలిసింది. బిగించకుండా ఉంటే, తప్పు జరిగినా చెక్కని మళ్లీ లేత్ మీద పెట్టవచ్చు. స్పిరిట్ పాలిష్ తడిగా ఉన్న ముక్కని మాత్రం లేజర్ దగ్గరికే తీసుకెళ్లకండి. అందులో ఉన్న స్పిరిట్ అంటుకుంటుంది.

ఏ చెక్క మంచిది

లేజర్ రంగు వెయ్యదు. చెక్కని కాలుస్తుంది. కాబట్టి అక్షరం కనపడాలంటే చెక్క లేత రంగులో ఉండాలి, రేణువు సన్నగా ఉండాలి. ఏటికొప్పాక లక్క బొమ్మలకి వాడే అంకుడు చెక్క ఇలాంటిదే. తెల్లగా, నున్నగా ఉంటుంది, అక్షరం ముద్రలా పడుతుంది. టేకు చూడ్డానికి బాగుంటుంది కానీ అందులో గట్టి చార, మెత్తటి చార పక్కపక్కనే ఉంటాయి. మెత్తటి చార ఎక్కువ కాలుతుంది, గట్టిది తక్కువ. ఒకే అక్షరం సగం నల్లగా, సగం గోధుమ రంగులో వస్తుంది. నల్లతుమ్మ, ఇరుగుడు లాంటి ముదురు చెక్కల మీద అక్షరం పడుతుంది కానీ ఎండలో పట్టుకుని వెతుక్కోవాలి.

లేజర్ బొమ్మ కాదు

మా మిషన్ 5 వాట్లది. ఈ 5 వాట్లు అన్నది బయటికి వచ్చే కాంతి శక్తి. కొన్ని ప్రకటనల్లో పెద్ద అంకెలు కనపడతాయి, చాలాసార్లు అవి మిషన్ తీసుకునే కరెంటు లెక్క. కొనేటప్పుడు ఆప్టికల్ పవర్ ఎంతో అడగండి. కాంతి నీలం రంగు, 450 నానోమీటర్ల దగ్గర ఉంటుంది.

5 వాట్లే కదా అనిపిస్తుంది. ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు ఉంటుంది. కానీ బల్బు వెలుతురు గదంతా పరుచుకుంటుంది. ఇక్కడ మొత్తం శక్తి మిల్లీమీటరులో పదో వంతు చుక్క మీద పడుతుంది. రెప్ప వేసేలోపు కంటికి శాశ్వతంగా దెబ్బ తగులుతుంది. మామూలు చలువ కళ్లద్దాలు పనికిరావు. 450 నానోమీటర్లని ఆపుతాయని రాసి ఉన్న కళ్లజోడే పెట్టుకోవాలి. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ కావాలి. మాకు ఒక్కటే ఉండేది. మా చెల్లి 'ఒక్కసారి చూస్తా అన్నయ్యా' అని తలుపు తీసిన రోజు నాకు గుండె ఆగినంత పనైంది. ఆ రోజే మిషన్‌కి నాలుగు వైపులా మూత పెట్టే డబ్బా కొన్నాం. తలుపుకి గడియ కూడా పెడుతున్నాను.

మిగతావి క్లుప్తంగా. పొగ బయటికి పోయేలా కిటికీ దగ్గర ఫ్యాన్ పెట్టండి. మిషన్ నడుస్తుండగా టీ తాగడానికి కూడా లేవకండి, చెక్క ఎప్పుడైనా అంటుకోవచ్చు. పక్కన నీళ్ల స్ప్రే బాటిల్ ఉంచుకోండి, మంట కనపడితే ముందు మిషన్ ప్లగ్ పీకాకే నీళ్లు. పీవీసీ ప్లాస్టిక్‌ని ఎప్పుడూ లేజర్ కింద పెట్టవద్దు. అది కాలితే ఊపిరితిత్తుల్నీ మిషన్నీ కూడా పాడుచేసే ఆమ్ల వాయువు వస్తుంది.

గుండ్రటి దాని మీద బల్లపరుపు అక్షరం

ఇక్కడ కొంచెం జామెట్రీ కావాలి. లేజర్ తల ఒకే ఎత్తులో కదులుతుంది. పెన్ను మాత్రం నడుమ ఎత్తుగా ఉండి పక్కలకి జారిపోతుంది. పెన్ను వ్యాసం, అంటే మనం రాసేది కాదు, డయామీటరు, 10 మి.మీ. అనుకుందాం. వ్యాసార్థం 5. అక్షరం ఎత్తు 4 మి.మీ. అయితే నడుమ నుంచి పైకి 2, కిందకి 2. అంచు దగ్గర చెక్క ఎంత కిందకి జారింది? 5 లోంచి, 25 మైనస్ 4 కి వర్గమూలం తీసెయ్యాలి. 0.42 మి.మీ. వస్తుంది. అక్షరం ఎత్తు 6 మి.మీ. చేస్తే జారుడు సరిగ్గా 1 మి.మీ. అవుతుంది.

నా మిషన్ మీద అర మి.మీ. తేడా కంటికి కనపడలేదు. 1 మి.మీ. వచ్చేసరికి అంచుల్లో గీత లావైపోయి రంగు పాలిపోయింది. కాబట్టి పెన్నుని కదలకుండా పెడితే అక్షరం మొత్తం ఎత్తు 4 మి.మీ. దాటనివ్వకండి. ఫోకస్ కూడా పెన్ను నడినెత్తి మీద కాకుండా జారుడులో సగం కిందకి పెడితే, నడుమా అంచూ రెండూ ఒకేలా పడతాయి.

ఇంగ్లిష్‌లో పేరు చెక్కేవాళ్లకి 4 మి.మీ. చాలా ఎక్కువ. మనకి కాదు. ఇంగ్లిష్ పెద్దక్షరం ఒక అంతస్తు ఇల్లు. మనది మూడంతస్తులు. పైన తలకట్టో గుడో, మధ్యలో అక్షరం, కింద వత్తు. 'స్త్రీ' అని రాసి చూడండి, కింద రెండు వత్తులు పట్టాలి. 4 మి.మీ. లో వాటికి చోటు ఇస్తే అసలు అక్షరానికి మిగిలేది 2 మి.మీ. దగ్గరే. ఆ 2 మి.మీ. లో ద కీ ధ కీ తేడా అంటే కింద ఉన్న చిన్న గీతే. అది సరిగ్గా పడకపోతే ధనం కాస్తా దనం అయిపోతుంది. అందుకే బొద్దు ఫాంట్లు వద్దు. రామభద్ర లాంటివి పోస్టర్‌కి బాగుంటాయి, ఇంత చిన్నగా చేస్తే సున్నాలు పూడుకుపోతాయి. మండలి లాంటి మామూలు గీత ఉన్న ఫాంటు నయం.

ఇంకా పెద్ద అక్షరాలు కావాలంటే పెన్నుని తిప్పే రోటరీ పెట్టాలి. రోలర్ల మీద దొర్లించేది కొంటే పెన్ను లాంటి తేలిక వస్తువు జారుతుంది. చివర పట్టుకుని తిప్పే చక్ రకం మంచిది. అందులో లెక్క ఇది. మామూలు స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. ఒక్కో అడుగుని 16 భాగాలు చేస్తే 3200. మోటారు నేరుగా పెన్నుని తిప్పుతుంటే, 10 మి.మీ. పెన్ను చుట్టుకొలత 31.4 మి.మీ. కాబట్టి ఒక మిల్లీమీటరుకి దాదాపు 102 అడుగులు. జీఆర్‌బీఎల్ ఉన్న మిషన్లలో ఈ అంకె 101వ సెట్టింగ్‌లో వెయ్యాలి. పాత అంకె ముందు కాగితం మీద రాసుకోండి. మోటారు వైర్లు మార్చేటప్పుడు కరెంటు తప్పకుండా ఆపండి, లేకపోతే డ్రైవర్ కాలిపోతుంది.

అక్షరాలు ఎందుకు విరుగుతాయి

మనం 'క్ష' ని ఒక అక్షరం అనుకుంటాం. కంప్యూటర్‌కి అవి మూడు: క, పొల్లు, ష. యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలు కేటాయించారు, వాటిలో వత్తులకి విడిగా స్థానం లేదు. ఈ మూడూ వరసగా వస్తే కలిపి క్ష లా గియ్యాలి అని నిర్ణయించే ప్రోగ్రాం వేరే ఉంటుంది. దాన్ని షేపింగ్ ఇంజిన్ అంటారు. హార్ఫ్‌బజ్ అలాంటిదే, మన ఫోన్లలో బ్రౌజర్లలో రోజూ అదే పని చేస్తుంటుంది. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఆ పని సరిగ్గా జరగదో అక్కడ వత్తు పక్కకి వచ్చి కూర్చుంటుంది. నేను మొదట వాడిన ప్రోగ్రాంలో 'లక్ష్మి' నాలుగు ముక్కలైంది.

దీనికి మందు తేలికే. ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతుంది. పేరు అందులో టైప్ చెయ్యండి, తెలుగు సరిగ్గా కలుస్తుంది. తర్వాత పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కండి. ఇక అది అక్షరం కాదు, బొమ్మ. ఎస్‌వీజీగా సేవ్ చేస్తే ఏ లేజర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా ఆ ఆకారమే ఉంటుంది, ఫాంటు లేకపోయినా.

అక్షరాలు విరగకుండా చూసుకోవడం కంప్యూటర్ సైన్స్ వాడికి సులువు. నేను అదే పెద్ద విజయం అనుకున్నాను. అసలు తప్పు పక్కనే ఉంది, చూసుకోలేదు.

చెక్కడం

పెన్ను చేసిన చెక్కలోంచే ఒక తుంపు మిగుల్చుకోండి. దాని మీద చిన్న గళ్ల పట్టిక చెక్కండి. అడ్డ వరసల్లో వేగం నిమిషానికి 1000, 1500, 2000, 3000 మి.మీ. నిలువు వరసల్లో పవర్ 30 నుంచి 80 శాతం. ఏ గడి ముదురు గోధుమ రంగులో, అంచులు మసి కాకుండా వచ్చిందో అదే మీ సెట్టింగ్. నాకు అంకుడు మీద 1500 దగ్గర 50 శాతం బాగుంది. మీ మిషన్‌కి వేరేగా ఉంటుంది, నా అంకె కాపీ కొట్టకండి. గీతకీ గీతకీ మధ్య 0.1 మి.మీ. పెట్టాను, అంటే అంగుళానికి 254 గీతలు. జీఆర్‌బీఎల్‌లో లేజర్ మోడ్ ఆన్ చేసి, ఎం3 బదులు ఎం4 వాడండి. మలుపుల్లో తల నెమ్మదించినప్పుడు పవర్ కూడా తగ్గుతుంది. మన అక్షరాలన్నీ మలుపులే కాబట్టి ఇది లేకపోతే ప్రతి మలుపులో నల్ల చుక్క పడుతుంది.

పెన్నుని వీ ఆకారం గాడి ఉన్న చెక్కలో పడుకోబెట్టండి. పైన మాస్కింగ్ టేపు అంటించండి. ముందు అతి తక్కువ పవర్‌తో టేపు మీద మాత్రమే గీత పడేలా ఒకసారి నడపండి. పేరు నడిమధ్యలో ఉందా, వంకరగా ఉందా తెలుస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటేనే అసలు పవర్. టేపు మీదుగా చెక్కితే పొగ మరక చెక్కకి పట్టదు. మొత్తం మూడు నాలుగు నిమిషాల పని.

ఈ షేషుడెవడ్రా

నేను ఇవన్నీ చేశాను. గళ్ల పట్టిక, ఫోకస్, టేపు, అన్నీ. తాతయ్య మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఆయన చేసిన అంకుడు పెన్ను మీద పేరు చెక్కాను. అక్షరాలు ప్రింటులా పడ్డాయి. నాలుగింటికి లేచి టీ తాగుతుంటే చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని, పెన్ను దూరంగా పట్టుకుని చదివాడు.

"ఏరా, ఈ షేషుడెవడ్రా?"

తాతయ్యకి ఆదిశేషుడి పేరు పెట్టారు. పూర్తి పేరు పత్రికలో వెయ్యొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. ముందు శంఖంలో శ, తర్వాత షట్కోణంలో ష రావాలి. నేను ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు చూపించే కీబోర్డు వాడాను. అది నాలుగు రకాలు చూపించింది. నాకు రెండూ ఒకేలా వినపడతాయి, మొదటిది నొక్కేశాను. స్క్రీన్ మీద చూశాను, టేపు మీద చూశాను, కళ్లకి తప్పు కనపడలేదు. నాకు రాని విషయాన్ని నేనే ఎన్నిసార్లు చెక్ చేసుకుంటే ఏం లాభం?

అమ్మమ్మ వంటింట్లోంచి అంది, "అయిదో క్లాసు చదివినాయనకి తెలిసింది, ఇంజినీరింగు చదివేవాడికి తెలీలేదు." అందరూ నవ్వారు. తాతయ్య కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లలో ఆయన పేరు ఒక వస్తువు మీదకి రావడం అదే మొదలు. అదీ తప్పు పేరు, అదీ సొంత మనవడి చేత్తో. ఒక పూట పని మూడు నిమిషాల్లో పాడు చేశాను. కోడ్‌లో అయితే వెనక్కి వెళ్లొచ్చు. చెక్క మీద అన్‌డూ లేదు.

తాతయ్య గోటితో అక్షరాల లోతు చూశాడు. "చెక్క ఇంకా ఉందిలే," అన్నాడు. షెడ్డులోకి వెళ్లి పెన్ను కడ్డీకి ఎక్కించి లేత్ ఆన్ చేశాడు. లేజర్ కాల్చింది మిల్లీమీటరులో అయిదో వంతు కూడా లేదు. ఉలి రెండు సార్లు అటూ ఇటూ నడిచేసరికి షేషుడు పొట్టులో కలిసిపోయాడు. పెన్ను కొంచెం సన్నబడింది. నడుమ లావుగా ఉంచాడు కాబట్టి సరిపోయింది. చివర్ల దగ్గర చెక్కి ఉంటే అక్కడ చెక్క పొర పల్చన, లోపలి ఇత్తడి బయటపడేది.

"ఈసారి కాగితం మీద నువ్వే రాసివ్వు తాతయ్యా," అన్నాను.

తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా అయిదు సార్లు రాశాడు. ఆయన తలకట్లు చిత్రిక పట్టినప్పుడు వచ్చే పొట్టులా చుట్టుకుని ఉంటాయి. ఏ ఫాంటులోనూ అవి లేవు. నాలుగోది బాగుందని తనే టిక్కు పెట్టాడు. దాన్ని వెలుతురులో పైనుంచి నిటారుగా ఫోటో తీసి, ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్‌తో గీతలుగా మార్చాను. ఫాంటు గొడవ లేదు, షేపింగ్ గొడవ లేదు, స్పెల్లింగ్ గొడవ లేదు. ఎత్తు 4 మి.మీ. కి తెచ్చి, టేపు మీద గీసి, ఆ టేపు తాతయ్యకి చూపించాకే అసలు పవర్ పెట్టాను. ఆ పెన్ను ఇప్పుడు ఆయన చొక్కా జేబులో ఉంటుంది. తర్వాత చేసిన పెన్నుల మీద కూడా అదే సంతకం వేస్తున్నాం, కొనేవాళ్ల పేరు ఒక వైపు, చేసినాయన పేరు ఇంకో వైపు.

స్టార్ట్ నొక్కే ముందు

కళ్లజోడు ఉందా, మూత పడిందా. ఫ్యాన్ తిరుగుతోందా. పెన్నుకి ఇనప భాగాలు, తడి పాలిష్ లేవు కదా. తుంపు మీద టెస్ట్ అయిందా. అక్షరాలు పాత్‌గా మార్చారా. టేపు మీద గీసిన పేరుని మీకంటే బాగా తెలుగు వచ్చినవాళ్లు ఒకరు చదివారా.

ఈ సెమిస్టర్‌లో మన క్లబ్ వాళ్లు ఎవరైనా పెన్ను మీద పేరు చెక్కించుకోవాలనుకుంటే నా దగ్గరికి రండి. కానీ పేరు వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో పంపకండి. కాగితం మీద తెలుగులో, మీ చేత్తో రాసి ఇవ్వండి.